బంగారత్త ఆర్పిన పొయ్యి

ఈ కథలో వేడి ముందొచ్చిందో, భద్రయ్య ముందొచ్చాడో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. రెండూ కలిసిపోతున్నాయి. వేడే ముందనుకుని చెబుతాను, వరస తప్పితే సర్దుకోండి.

ఒడ్డుకి దూరంగా సముద్రం అడుగున ఒక పగడాల దిబ్బ ఉండేది. అక్కడ అందరికన్నా పెద్దది బంగారత్త అనే కొమ్మల పగడం. పగడం చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ ప్రాణమున్నదే. తన పెద్దల ఎముకల మీద పుడుతుంది, పుట్టిన చోటు నుంచి కదల్లేదు. బంగారత్త చర్మంలో కంటికి ఆనని నాచు రేణువులు వేలకు వేలు కాపురముండేవి. ఎండని పట్టి తిండి వండటం వాటి పని. వాటికి పెద్ద సన్యాసమ్మ. ఆ వంటలో ఒక వాటా కొమ్మల సందున కూర్చునే పీత నూకయ్యకి వెళ్ళేది. వాటా తిన్నందుకు నూకయ్య కాపలా కాసేవాడు.

కాపలా భద్రయ్య భయానికి. భద్రయ్య చేటంత నక్షత్ర చేప. పదహారు చేతులు, ఒళ్ళంతా ముళ్ళు. పగడం మీద బోర్లా పడుకుని, కడుపుని నోట్లోంచి బయటికి తీసి పరిచి, ఎముక ఒక్కటే మిగిల్చి తినేవాడు. బంగారత్త మీదికి ఎక్కబోయినప్పుడల్లా నూకయ్య అతని చేతుల కిందుండే మెత్తటి కాళ్ళు కొరికి పంపేవాడు.

ఆ ఏడు నీళ్ళు వేడెక్కాయి, మళ్ళీ చల్లబడలేదు. వేడికి సన్యాసమ్మ వాళ్ళ వంట మాడింది. ఆ మాడు విషంలా ఎక్కి బంగారత్త ఒళ్ళంతా మండింది.

అప్పుడు భద్రయ్య వచ్చి దూరంగా ఆగాడు.

“ఒంట్లో ఎలా ఉందత్తా?”

“దగ్గరికొచ్చి అడగవయ్యా,” అన్నాడు నూకయ్య. “పదహారు చేతులున్నాయిగా, ఒకటి పోతే ఏం?”

“నీతో కాదులే అల్లుడూ. పెద్దదాన్ని పలకరిద్దామని వచ్చాను. అత్తా, ఈ మంట సముద్రానిది కాదు, నీ వంటింటిది. పొయ్యి ఆర్పి వాళ్ళని బయటికి పంపు. రెండు రోజుల్లో చల్లబడతావు.”

కింద బొరియలో, ఎండ సగమే సోకే చోట, బంగారత్త చెల్లెలు గంగ ఉండేది. అరచేతంత పగడం. “అక్కా, అందరినీ పంపెయ్యకు. గుప్పెడుమందినైనా ఉంచుకో. నాకూ మండుతూనే ఉంది.”

“నీడలో కూర్చున్నదానివి, నీకేం తెలుసే నా మంట?” అంది బంగారత్త. సన్యాసమ్మని పిలిచి వెళ్ళిపొమ్మంది.

“మాడుతున్న మాట నిజమే అత్తా,” అంది సన్యాసమ్మ. “మేం వెళితే ఏం తింటావు?”

“చల్లబడ్డాక మళ్ళీ రండి.”

“మాకు కాళ్ళా చేతులా, తిరిగి నడిచి రావడానికి? నీరు ఎటు తీసుకుపోతే అటే.”

వెళ్ళిపోయారు. బంగారత్త రంగంతా వాళ్ళదే. మూడో రోజుకి తెల్లగా పాలిపోయింది. మంట మాత్రం తగ్గింది.

“చూశావా, ముత్యంలా ఉన్నావు,” అని భద్రయ్య దిబ్బంతా తిరిగి అందరికీ బంగారత్తని చూపించాడు. పక్క పగడాలూ పొయ్యిలు ఆర్పేశాయి.

వారం గడిచింది. బంగారత్త నూకయ్య మొహం చూడలేకపోయింది. “ఇవాళా ఏమీ లేదురా.”

“నిన్నా అదే అన్నావత్తా.”

ఇంకో వారం ఖాళీ కడుపుతోనే కాపలా కాశాడు. చివరికి గిట్టలు పైకెత్తడానికి కూడా ఓపిక లేకపోయింది. “గంగ దగ్గర గుప్పెడుమంది మిగిలారు. సగం వాటా పెడతానంది. నువ్వూ వస్తే బాగుండేది.”

“కదలగలిగితే నీకన్నా ముందే వెళ్ళేదాన్ని. వెళ్ళు.”

అతను దిగిన కాసేపటికే భద్రయ్య ఎక్కాడు.

“మంచి చెబుతున్నావనుకున్నాను,” అంది బంగారత్త.

“మంచే చెప్పానత్తా. నాకు.”

తినడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత తన వాళ్ళందరినీ పిలిచాడు. కాపలాలేని తెల్లటి పగడాలని వరసగా తినుకుంటూ పోయారు. దిబ్బ బోడి ఎముకల మీద పాకుడు పట్టింది. చేపలు ఒక్కటొక్కటే వెళ్ళిపోయాయి.

ఇక మిగిలింది గంగే. భద్రయ్య బొరియ నోటి దగ్గరికి వచ్చి పాత మాటే ఎత్తుకున్నాడు. “గంగమ్మా, నీ ఇల్లు మండుతోంది.”

“మండుతోంది. మండనీ.”

“ఆ వంటవాళ్ళని పంపెయ్యి తల్లీ, హాయిగా ఉంటుంది.”

“మా అక్కకి ఎంత హాయిగా ఉందో అడిగి వస్తావా?”

భద్రయ్య ఒక చెయ్యి లోపలికి పెట్టాడు. సగం వాటా తిన్న నూకయ్య సగం బలంతోనే కొరికాడు. ఇరుకు సందులో అదే చాలింది. ఇంకో చెయ్యి పెట్టాడు, దాన్నీ కొరికాడు.

ఇంకెక్కడికి వెళతాడు? చుట్టూ తను తిని వదిలిన ఎముకలే. ఆకలికి ముళ్ళు రాలాయి, చేతులు ఒక్కొక్కటే ఊడాయి. బంగారత్త ఎముకల మీదే పడి చచ్చాడు. అతని వాళ్ళూ అంతే.

నీళ్ళు చల్లబడ్డాక ఎక్కడెక్కడి నాచు రేణువులో కొన్ని నీటి వాలున వచ్చి గంగ దగ్గర చేరాయి. వాటిలో సన్యాసమ్మ లేదు. గంగ ఏడాదికి వేలెడు పెరుగుతోంది. దిబ్బంతా మళ్ళీ నిండాలంటే ఒక మనిషి బతుకంత కాలం కావాలి, ఈలోగా వేడి మళ్ళీ రాకుంటే.

ఫలానావాళ్ళని వదిలించుకోమని ఎవరైనా చెప్పినప్పుడు, వాళ్ళు పోతే నిండేది ఎవరి కడుపో ముందు చూసుకోవాలి.

వనజా, ఇది రాసిపెట్టేది నువ్వేగా, నీకు ఈ కథ చెప్పినప్పుడు పీత పేరు నూకయ్యే అన్నానా, దానయ్య అన్నానా? సన్యాసమ్మ పేరు కూడా ఒకసారి చూసి దిద్దు. వాళ్ళలో మిగిలినవాళ్ళు తక్కువ, పేర్లైనా సరిగ్గా ఉండాలి.