మూడో రేవు

తాళమైతే తీశాడు గానీ, తీసిన దగ్గర నుంచి మద్దిలేటికి మనసు నిలవడం లేదు.

కర్నూలు పాతబస్తీలో జిలానీ ఉస్తాద్ రిపేరు దుకాణంలో అతను ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. రేడియోలతో మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు ఎవరు ఏ వస్తువు తెచ్చినా ముందు విప్పి చూస్తాడు, తర్వాతే మాట్లాడతాడు. ఆయన శిష్యులకు నీతులు చెప్పగా ఎవరూ వినలేదు.

ఆ ఉదయం మద్దిలేటి ఆయన ముందు ఒక గేమ్ కన్సోల్ పెట్టాడు. టీవీకి తగిలించుకుని ఆటలాడే పెట్టె. కంపెనీవాళ్లు దానికి లోపలి నుంచి తాళం వేసి అమ్ముతారు. వాళ్లు ఒప్పుకున్న ఆటలే అందులో నడుస్తాయి, వాళ్లు ఒప్పుకున్న జాయ్‌స్టిక్కే పనిచేస్తుంది.

"దీని తాళం తీసినా ఉస్తాద్. పదకొండు రోజులు పట్టింది. రెండు వందల ఆటలు పైసా కట్టకుండా ఎక్కించినా," అన్నాడు మద్దిలేటి. "ఇది తప్పా, కాదా?"

"ఎట్ల తీసినావు?" అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి చెప్పుకొచ్చాడు. ముసలాయన స్టూలు దగ్గరకు లాక్కుని, కథ వింటున్నట్టు విన్నాడు. మధ్యలో ఆపి, "ఆడ వైరు ఎందుకు పెట్టినావు?" అన్నాడు.

"పెట్టె పూర్తిగా మేలుకునే లోపలే దాన్ని ఏమార్చాల గదా."

ఉస్తాద్ ముచ్చటపడి నవ్వాడు. మద్దిలేటికి ధైర్యం వచ్చింది. "నా పెట్టె నేను కొనుక్కుంటి. నా ఇంట్లో వాళ్ల తాళమేంది?"

"నిజమే."

"అయితే తప్పు లేదంటారా?"

"ఏదీ, ఒక ఆట పెట్టు చూద్దాం."

తెర మీద ఆటల పేర్లు వరసగా వచ్చాయి. అన్నీ ఇంగ్లీషువే. వాటి మధ్య ఒక్కటి తెలుగులో కనిపించింది, 'మంద' అని. ఉస్తాద్ దాని మీద వేలు పెట్టాడు. ఆట తెరుచుకోగానే కింద చిన్న అక్షరాల్లో 'తయారీ: ప్రసూన, నంద్యాల' అని, పక్కన ఒక మెయిల్ అడ్రసు కనిపించాయి.

"మన పక్కూరి పిల్లే," అన్నాడు ఉస్తాద్.

గొర్రెల మందను ఏటి అవతలకు తోలుకుపోవడం ఆ ఆట. మొదటి రేవు, రెండో రేవు ఉస్తాద్ దాటించాడు. మూడో రేవులో ముందు నడిచే పొట్టేలు ఏటి నడుమ నిలబడిపోయింది. నీళ్లు పెరిగి మందంతా కొట్టుకుపోయింది.

నాలుగు రోజులు మధ్యాహ్నం నమాజు కాగానే ఉస్తాద్ ఆ రేవు దగ్గరే కూర్చున్నాడు. నేను దాటిస్తా చూడండి అని మద్దిలేటీ జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. అతని మందా మునిగింది.

ఐదో రోజు ఉస్తాద్ జాయ్‌స్టిక్ కింద పెట్టాడు. "ఎట్ల దాటాలో ఆ పిల్లనే అడుగుదాం. నువ్వు ఉత్తరం రాయి బేటా."

మద్దిలేటి ఫోను తీసుకుని కూర్చున్నాడు. 'మేడం గారికి నమస్కారం. మీ ఆట మా దగ్గర ఉంది' అని రాశాడు. ఆ పైన వేలు కదల్లేదు. అది చెరిపేసి, 'మీ ఆట మా గురువుగారికి చాలా నచ్చింది' అని రాశాడు. యాడ కొన్నారని ఆమె అడిగితే? అదీ చెరిపేశాడు.

"మన దగ్గరికి ఎట్ల వచ్చిందని రాయాల ఉస్తాద్?"

"ఎట్ల వచ్చిందో అట్లే రాయి," అన్నాడు ఉస్తాద్, ఒక పాత యాంప్లిఫయరు మీది దుమ్ము ఊదుతూ.

నాలుగు వాక్యాల ఉత్తరానికి సాయంత్రమైంది. పంపించి ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు. "ఇంక ఈ తాళాలు తీసే పని చెయ్యను ఉస్తాద్," అన్నాడు. ఆయన యాంప్లిఫయరు మీంచి తల ఎత్తలేదు.

మూడో రోజు జవాబు వచ్చింది. మద్దిలేటి పైకి చదివాడు.

'మద్దిలేటి గారూ, మీ దగ్గరున్నది పాత కాపీ. అందులో మూడో రేవు ఎవరి వల్లా కాదు. అది నా పొరపాటు. తర్వాత సరిచేశాను గానీ, ఆ సవరణ దొంగ కాపీలకు అందదు. వాటితో ఆడినవాళ్లు, చేతకాకపోతే ఆటలెందుకు చేస్తావని నన్ను తిడుతూ రాస్తుంటారు. ఎట్లా దొరికిందో చెప్పి మరీ అడిగింది మీరొక్కరే. మీకు నిజంగా తాళం తీయడం వస్తే, మీతో ఒక పని ఉంది. శనివారం రావచ్చా?'

శనివారం ఆమె వచ్చింది. వెంట వాళ్లన్న ఓబులేసు ఉన్నాడు. బండల పాలిష్ మిషన్లో ఇరుక్కుని అతని కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి, ఎడమచేతికి పట్టు తప్పింది. ఒకప్పుడు గొర్లు కాసిన మనిషి.

ప్రసూన సంచిలోంచి ఒక కన్సోల్, పీట లాంటి చెక్క ఒకటి తీసింది. చెక్క మీద అరచేత్తో నొక్కేటంత పెద్ద మీటలు బిగించి ఉన్నాయి.

"అన్న ఆడుకోడానికని నేనే చేసినాను. ఈ పెట్టె దీన్ని ఒప్పుకోదు, పరాయి వస్తువంటుంది. కంపెనీకి మూడుసార్లు రాసినా, కుదరదన్నారు. అన్న కోసం చేసిన ఆట, అన్న తప్ప అందరూ ఆడినారు."

మద్దిలేటి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ఆ పని మానేసినా మేడం. మీకు రాసిన రోజే మానేసినా."

ఉస్తాద్ తలెత్తాడు. "నేను మానుకోమంటినా?"

మద్దిలేటి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

ఈసారి పదకొండు రోజులు పట్టలేదు. మధ్యాహ్నం దాటేసరికి చెక్క మీది మీటల్లో దీపాలు వెలిగాయి. ప్రసూన సరిచేసిన కాపీ ఎక్కించింది. ఓబులేసు అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాడు. మంద కదిలింది. మూడో రేవులో పొట్టేలు ఆగింది. అతను చెయ్యి తీయకుండా అట్లాగే ఆనించి ఉంచాడు. పొట్టేలు ఒకసారి వెనక్కి చూసి, నీళ్లలోకి దిగి అవతలకు నడిచింది. వెనకాల మందంతా నడిచింది.

"అట్లనే ఉంటుంది పొట్టేలు. తొందర పెడితే కదల్దు," అన్నాడు ఓబులేసు. దుకాణానికి వచ్చాక అతను నోరు తెరవడం అదే మొదలు.

వెళ్లేటప్పుడు మద్దిలేటి ప్రసూనతో అన్నాడు. "నా పెట్టెలోని రెండు వందల ఆటల్లోంచి మీ ఆట తీసేసినా మేడం."

"తక్కిన నూటతొంభైతొమ్మిదీ ఎవరివి?" అని అడిగింది ప్రసూన. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగిన మాట.

మద్దిలేటి తన పెట్టెను మళ్లీ టీవీకి తగిలించి, ఆటల పేర్లు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు.

పది రోజుల తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి కొత్త కన్సోల్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నంద్యాలలో ఎవరో చెప్పారట, ఇక్కడ తాళం తీస్తారని.

మద్దిలేటి గురువు వైపు తిరిగాడు. "తీయమంటారా ఉస్తాద్?"

ఉస్తాద్ అప్పుడే నమాజుకు లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. "తీయడం నీకొచ్చు. ఉన్నదున్నట్టు ఉత్తరం రాయడం కూడా నీకొచ్చు. ఇంక నన్నెందుకు అడుగుతావు?" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మద్దిలేటి పెట్టెను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. స్క్రూల మీద ఇంకా గీత కూడా పడలేదు. దాన్ని బల్లమీద పెట్టి, ఉస్తాద్ స్టూలును వచ్చినాయన వైపు జరిపాడు.

"కూచోండి సార్. తాళం తీసినాక ఏం చేద్దామనుకుంటున్నారు?"