తిత్తి బాగుచేయించుకోవడానికి వచ్చినాయన

హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. ఆవిడే లేచి బయలుదేరతారు. వెనకాల మనం నడవాలి. వెబ్‌సైట్లకు గిరాకీ రప్పించే విద్య తెనాలిలో ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అయిదారుగురిలో మా శివనాగరాజు ఒకడు. ఆ నెలంతా అతను తల ఎంత ఎత్తుకుని తిరిగాడంటే, గుమ్మాలు చూసి వంగమని మేమే హెచ్చరించాల్సి వచ్చేది.

కారణం లేకపోలేదు. హార్మోనియంలు చేసే, బాగుచేసే మస్తాన్ గారి వెబ్‌సైట్ అతనికి దక్కిన మొదటి పని. అందులో రిపేరు సంగతులకు ఒక పేజీ, దానికి గూగుల్లో ఒక ప్రకటన పెట్టి, సినిమా పాటలకు స్వరాలు రాసి ఇంకో పేజీ పెట్టాడు. పాటల పేజీకి జనం వేలల్లో వచ్చిపడ్డారు. పైకి లేచిన ఆ గ్రాఫ్‌ని అతను చూపించని మనిషి లేడు; టీ కొట్టాయన కూడా మెచ్చుకున్నాడు, ఏమిటని అడక్కుండానే. చిక్కల్లా ఒకటే. వచ్చినవాళ్లు స్వరాలు చూసుకుని పోతున్నారు, మస్తాన్ గారికి ఒక్క బేరమూ తగల్లేదు. "ఈ శుక్రవారం దాకా చూద్దాం నాయనా, ఆ తర్వాత ఈ వెబ్‌సైట్ పని ఆపేద్దాం" అనేశారాయన.

ఆ శుక్రవారం పొద్దున్నే శివనాగరాజు అడిగాడు: "మేడమ్, పాటల కోసం వేలమంది వెతుకుతున్నారు. హార్మోనియం రిపేరు అని వెతికి వచ్చేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. వాళ్లేమో ఆ రిపేరు పేజీ ఒక్కటే పట్టుకుని వదలరు, అదేం సరదానో! ఆ రిపేరు ప్రకటన తీసేసి, ఆ డబ్బు మొత్తం పాటల మీదే పెడితే పోలా?"

ఆవిడ లేచారు. అందరం మస్తాన్ గారి కొట్టుకు చేరాం.

"గుమ్మంలో కూర్చుని ఒక పాట వాయించండి మస్తాన్ గారూ" అన్నారావిడ.

తను చేసిన పెట్టె మీద తను వాయించుకునే మనిషి దర్జా చూడాలి. రెండు నిమిషాల్లో మెట్ల మీద, రోడ్డు మీద జనం నిండిపోయారు. శివనాగరాజు ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ, "చూశారా మేడమ్, ఇదంతా మన గిరాకీయే!" అన్నాడు. పోనీలే, మావాడే కదా అని నేనూ గర్వపడ్డాను.

ఇంతలో దుప్పటి చుట్టిన బరువైన పెట్టెను భుజాన పెట్టుకుని ఒక పెద్దాయన జనంలోంచి కొట్లోకి దూరబోయాడు.

"బాబాయ్, కాస్త పక్కకి! వీడియోకి అడ్డం వస్తున్నావు" అన్నాడు శివనాగరాజు.

"అడ్డం నేనా?" అన్నాడాయన, కానీ జరిగి రోడ్డవతల నిలబడ్డాడు.

పాట అయింది. చప్పట్లు కొట్టి జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పెద్దాయన మాత్రం రోడ్డు దాటి వచ్చి పెట్టె దించాడు. రేపల్లె అట, నాటకాలకు వాయిస్తాడట. "తిత్తి చిరిగి గాలి నిలవడం లేదండీ. రేపే ప్రదర్శన. బాగుచేసేవాళ్లెవరా అని ఫోన్లో వెతికితే మీ కొట్టు పైన వచ్చింది. రాత్రంతా మీ రిపేరు పేజీయే చదువుకున్నా."

మస్తాన్ గారు అప్పటికే దుప్పటి విప్పుతున్నారు. "సాయంత్రానికి ఇచ్చేస్తాను, కూర్చోండి" అని చెప్పి, మావాడి వైపు తిరిగి, "ఆపొద్దులే నాయనా" అన్నారు.

శివనాగరాజు ఛాతీ ఉబ్బింది. "మేడమ్, ఆ ప్రకటన నాదే!"

"నీదేనయ్యా, కాదన్నానా?" అన్నారు హైమవతి గారు. "ఆయన్ని లోపలికి రానివ్వని జనం కూడా నీవాళ్లే."