ఎగురుతుండగా తీసిన ఫోటో

చింతాడపేటలో అప్పలకొండ, అతని తమ్ముడు గవర్రాజు, గవర్రాజు పెళ్ళాం వరహాలు ఒకే ఇంట్లో ఉండేవారు. ముగ్గురికీ కలిపి ఒకటే గర్వం. ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ గడప దాటి బయటికి పోలేదని.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యాలంటే ఎంత బుర్ర కావాలో తెలుసా?" అనేవాడు అప్పలకొండ అరుగు మీద కాలు మీద కాలేసుకుని. "లోకంలో గొడవలన్నీ చెప్పిందొకటి, చేసిందొకటి అవబట్టే. మా ఇంట్లో ఆ మాటే లేదు."

నిజంగానే లేదు. ఒకసారి ఎదురింటావిడ పెళ్ళికెళ్తూ, "మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమ్మా" అంది. వరహాలు ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కంటితో సాయంత్రం దాకా ఆ ఇంటినే చూస్తూ కూర్చుంది. దొంగ వచ్చి ఇత్తడి బిందెలు మోసుకుపోతుంటే అదీ చూసింది.

"చూడమన్నారు, చూశాను. అరవమని చెప్పలేదుగా!" అంది ఎదురింటావిడతో.

ఇలా ఉండగా వరహాలు మేనమామ కోదండం కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫోటో స్టూడియో ఆయనది. రీలు కెమెరాల రోజులవి. ఎవరి పెళ్ళిలోనో అందరూ ఒక్క ఫోటోలో పట్టాలని వెనక్కి వెనక్కి నడుస్తూ అరుగు మీంచి పడ్డాడు. తొడ దాకా పిండికట్టు వేశారు. స్టూడియో వెనక గదిలో మంచం ఎక్కాడు. కనిపెట్టుకుని ఉండడానికి మేనకోడలి కుటుంబం దిగింది.

ఆ వారంలోనే కెప్టెన్ భావనారాయణగారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఊరి బయట యుద్ధం రోజుల్లో వేసిన పాత రన్‌వే పక్కన ఆయనకో విమానం ఉంది. పసుప్పచ్చగా, పైనొక జత, కిందొక జత రెక్కలతో, ముక్కున పెద్ద ఫ్యానుతో ఉంటుంది. ఆయన దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవారు.

"కోదండం, ఇంక నాకు చూపు ఆనడం లేదయ్యా," అన్నారు మంచం పక్కన కూర్చుని. "విమానాన్ని పట్నంలో కాలేజీ వాళ్ళకి ఇచ్చేస్తున్నాను. పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఆదివారం పొద్దున్న మనూళ్ళో ఆఖరిసారి ఎగరేస్తాను. దాని ఫోటో ఒకటి కావాలి."

"మీ దగ్గర బోలెడున్నాయి కదండీ?"

"అన్నీ నేల మీదున్నవే. అది గాల్లో ఉన్నప్పుడల్లా నేను దాంట్లోనే ఉంటాను కదా! నలభై ఏళ్ళయింది. ఎగురుతుంటే అదెలా ఉంటుందో ఒక్కసారీ చూసుకోలేదు."

కోదండానికి మనసు కరిగిపోయింది. కాలు చూసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ముగ్గుర్నీ చూశాడు. వేరే దారి లేదు.

కెప్టెన్‌గారు వెళ్ళగానే ముగ్గుర్నీ పిలిచి కెమెరా చేతికిచ్చాడు. "అన్నీ సరిచేసి పెట్టాను. మీరు మీట నొక్కితే చాలు. మూడు సంగతులు మాత్రం మరిచిపోకండి. ఒకటి, ఎగురుతుండగానే తియ్యాలి. నేల మీదుండగా తీస్తే పనికిరాదు. రెండు, సూర్యుణ్ణి వెనకేసుకోవాలి. మూడు, షట్టర్ మెల్లగా పడాలి. గబుక్కున పడిందో, ఫ్యాను ఆగిపోతుంది. గాల్లో ఫ్యాను ఆగిపోయిన విమానం ఏం బావుంటుంది చెప్పండి?"

"అమ్మో!" అంది వరహాలు గుండె మీద చెయ్యేసుకుని. "అయ్యయ్యో, కెప్టెన్‌గారు పెద్దాయన!"

"అదే నేను చెప్పేది. జాగ్రత్త," అన్నాడు కోదండం. మేనకోడలు ఇంత శ్రద్ధగా విన్నందుకు మురిసిపోయాడు కూడా.

ఇంకేముంది, ముగ్గురూ వంటింట్లో చేరి పనులు పంచుకున్నారు. ఎగరడం అప్పలకొండ వంతు. సూర్యుణ్ణి వెనకేసుకురావడం వరహాలు వంతు, నోరున్న మనిషి కాబట్టి. షట్టర్లు గవర్రాజు వంతు.

"బజార్లో ఎన్ని షట్టర్లున్నాయిరా?" అన్నాడు అప్పలకొండ.

"పంతొమ్మిది."

"ఒక్కటి దభీమని పడినా విమానం కింద పడుతుంది. ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి తమ్ముడూ."

ఆదివారం పొద్దున్న ఊరంతా కదిలింది. విమానం చూడాలని దుకాణాల వాళ్ళు కూడా కొట్లు కట్టేస్తున్నారు. గవర్రాజు మొదటి కొట్టు దగ్గరే నూనె వర్తకుడు సన్యాసిశెట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"శెట్టిగారూ, మెల్లగా! షట్టరు మెల్లగా దించండి!"

"ఏమయ్యా, లోపల పసిపిల్లలెవరైనా పడుకున్నారా?"

"పైన పెద్దాయన ఉన్నాడండీ!"

శెట్టికి అర్థం కాలేదు గానీ గవర్రాజు షట్టరు కింద భుజం పెట్టి అంగుళం అంగుళం దించాడు. ఒక్క కొట్టుకే అయిదు నిమిషాలు పట్టింది. తరవాత పచారీ కొట్టు. తరవాత పరుపుల కొట్టు. మిగిలిన వాళ్ళని "నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని దండం పెట్టి ఆపాడు. విమానం తల మీదుగా బుర్రుమని పోతోంది. జనం అక్కడ చప్పట్లు కొడుతున్నారు. బజారు మాత్రం షట్టర్లు పట్టుకుని వంగే ఉంది.

మైదానంలో అప్పలకొండ మెళ్ళో కెమెరా వేసుకుని ఎగురుతున్నాడు. గెంతడం, గాల్లో ఉండగా మీట నొక్కడం, కింద పడడం. మళ్ళీ లేవడం, గెంతడం.

"ఎందుకయ్యా అలా గెంతుతావు? నిలబడి తియ్యి!" అన్నారెవరో.

"నేల మీదుండగా తీస్తే పనికిరాదట!" అని రొప్పుతూ చెప్పి మళ్ళీ ఎగిరాడు.

పక్కనే వరహాలు కొంగు బిగించి నిలబడింది. ఒక ముసలమ్మ నుదురు తుడుచుకుంటూ, "పాడెండ, చంపేస్తోంది" అంది. అంతే.

"ఏవమ్మా, సూర్యుణ్ణంటున్నావా? ఆయన నీకేం అపకారం చేశాడు? నీ వడియాలు ఎవరు ఎండబెట్టారు? నీ చీరలు ఎవరు ఆరబెట్టారు? వానాకాలంలో నాలుగు రోజులు మొహం చూపించకపోతే ఎక్కడున్నావు తండ్రీ అని ఏడుస్తావే!"

"నేనేమన్నానే తల్లీ!"

"అనకు! ఆయన్నంటే నన్నన్నట్టే!"

గొడుగు వేసుకున్న వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి గొడుగులు ముడిపించింది. "ఆయన మొహం మీద తలుపేసినట్టు ఆ గొడుగులేవిటి?" అంది. ఆ చుట్టుపక్కల ఎవరూ ఎండని పల్లెత్తు మాట అనలేదు.

అక్కడ బజార్లో పద్నాలుగో షట్టరు నడుస్తుండగా బియ్యం కొట్టు రామదాసుకి ఓపిక పోయింది. "పోవయ్యా నీ మెల్లగా!" అని షట్టరు లాగి వదిలాడు. దభీమంది.

సరిగ్గా అప్పుడే కెప్టెన్‌గారు దిగే ముందు నిదానంగా నాలుగు చుట్లు తిరుగుదామని ఇంజను జోరు తగ్గించారు. బుర్రుమనే మోత సన్నబడింది.

గవర్రాజు తల పట్టుకుని కూలబడ్డాడు. "ఫ్యాను ఆగిపోయింది! విమానం పడిపోతోంది! రామదాసుగారు కెప్టెన్‌గారిని చంపేశారు!"

రామదాసు మొహం పాలిపోయింది. "నేనా? నేను కొట్టు కట్టుకున్నానంతే కదయ్యా!"

ఇంకేముంది, బజారు బజారంతా లేచింది. పరుపుల కొట్టు మళ్ళీ తెరిచారు. పడే విమానం మెత్తగా పడాలని ముప్ఫై పరుపులు తలా ఒకటి నెత్తిన పెట్టుకుని మైదానానికి పరుగెత్తారు. ముందు గవర్రాజు, వెనక ఏడుస్తూ రామదాసు. రన్‌వే మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎడంఎడంగా పరిచేశారు.

చక్రాలు నేలని తాకబోతుండగా కెప్టెన్‌గారికి దారి నిండా పరుపులు కనిపించాయి. గబుక్కున విమానాన్ని పైకి లేపారు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి, తప్పుకోమని చెయ్యి ఊపారు. కిందున్న వాళ్ళంతా సంతోషంగా తిరిగి చెయ్యి ఊపారు. ఇంకో చుట్టు వచ్చి రెండు చేతులూ ఊపారు.

"దిగండి బాబూ, భయం లేదు! దూది కొత్తదే!" అని పరుపులాయన అరిచాడు.

పెట్రోలు అడుగంటింది. కెప్టెన్‌గారు ఇక లాభం లేదని పక్కనున్న చేలోకి దించేశారు. వేరుశనగ పీకేసి ఖాళీగా ఉన్న చేను కాబట్టి బతికిపోయారు. విమానం ఎగిరెగిరి పడి, పరుపుల దగ్గరికొచ్చి ఆగింది. ఆ ఫ్యాను గాలికి నాలుగు పరుపులు చిరిగి దూది లేచింది. రెండు నిమిషాల్లో చింతాడపేటలో అందరికీ జుట్టు నెరిసిపోయింది.

కెప్టెన్‌గారు దిగారు. విమానం చక్రాలు తడిమి చూసుకున్నారు. ఏమీ కాలేదు. అప్పుడు, "ఫోటో వచ్చిందా?" అని అడిగారు మెల్లగా.

"ముప్ఫై ఆరు సార్లు ఎగిరానండీ. ముప్ఫై ఆరూ తీశాను," అన్నాడు అప్పలకొండ మోకాళ్ళు పట్టుకుని.

పెద్దాయన మొహం వెలిగింది. "పోనీలే నాయనా. అది చాలు నాకు."

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కోదండం మంచం మీంచే కేకేశాడు. "రీలు తెచ్చారా? ఇంక కడగడమే. చీకటి గదిలో తలుపేసుకుని కడగాలి. ఒక్క పది నిమిషాలు కునుకు తీసి నేను చెప్తాను, ఎలాగో."

ఆయన కునుకు తీశాడు. పాపం, కాలు విరిగిన మనిషిని లేపడమెందుకని ముగ్గురూ రీలు పట్టుకుని స్నానాలగదిలో తలుపేసుకున్నారు. వరహాలు కుంకుడుకాయ రసం తీసింది. గవర్రాజు చాకలి సోడా వేశాడు. అప్పలకొండ పీచు పెట్టి తోమాడు. ఎంత మురికి పోయిందో! నల్లగా ఉన్న రీలు అద్దంలా తెల్లబడింది. దాన్ని తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేశారు.

కోదండం లేచి కిటికీలోంచి చూశాడు. తీగ మీద రీలు ఎండలో తళతళలాడుతోంది. ఒక్క బొమ్మ లేదు.

"ఎంత శుభ్రంగా వచ్చిందో చూశావా మావయ్యా!" అంది వరహాలు.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. కెప్టెన్‌గారికి ఏం చెప్పాలి? నలభై ఏళ్ళ కోరిక. పరుపుల మధ్య ప్రాణాలతో బయటపడి కూడా మనిషి ఒక్క మాట అనలేదు.

మర్నాడు కబురందుకుని కెప్టెన్‌గారే వచ్చారు. కోదండం ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. పెద్దాయన అతని భుజం తట్టారు. "గురువారం పొద్దున్న విమానాన్ని పట్నం తీసుకెళ్ళాలి ఎలాగూ. మైదానం మీద ఒక్క చుట్టు తిరిగి వెళ్తాను. నువ్వే తియ్యి."

గురువారం కోదండం మంచాన్ని నలుగురు మోసుకెళ్ళి మైదానంలో దించారు. ఈ ముగ్గుర్నీ ఏమీ చెయ్యవద్దన్నాడు. నిజంగానే ఏమీ చెయ్యలేదు. కూర్చోవడం కూడా చేయకూడదేమో అని సగం వంగి నిలబడ్డారు.

విమానం వచ్చింది. కోదండం వెల్లకిలా పడుకుని, దానితో పాటే కెమెరా తిప్పుతూ ఒకే ఒక్కసారి నొక్కాడు. కెప్టెన్‌గారు వంగి, చెయ్యి ఎత్తి పట్నం వైపు వెళ్ళిపోయారు.

మంచాన్ని చీకటి గదిలో పెట్టించుకుని, బొమ్మ తనే కడిగి చూసుకుంటే కోదండానికి కళ్ళు చెమ్మగిల్లాయి. నాలుగు రెక్కలూ నిండుగా పరుచుకుని విమానం మబ్బు అంచున తేలుతోంది. ముక్కున ఫ్యాను గిర్రున తిరుగుతూ గాజు పళ్ళెంలా మెరుస్తోంది. వెనక పెద్దాయన తెల్ల జుట్టు, ఎత్తిన చెయ్యి. ముప్ఫయ్యేళ్ళలో ఇలాంటి ఫోటో తియ్యలేదు.

తలుపంత పెద్ద కాగితం మీద అచ్చు తీశాడు. అలాంటి కాగితం స్టూడియోలో ఒకటే ఉంది. శనివారం పొద్దున్న ముగ్గుర్నీ పిలిచి, "దీన్ని చక్కగా పటం కట్టించి పట్నంలో కెప్టెన్‌గారికి పంపండి. నెగిటివ్ కూడా పటంతోనే వెళ్ళాలి. ఆయన సొత్తు అది," అన్నాడు.

సాయంత్రానికి ముగ్గురూ తిరిగొచ్చారు. మొహాలు వెలిగిపోతున్నాయి.

"పంపారా?"

"పంపేశాం మావయ్యా. గాలి పట్నం వైపే ఉంది," అన్నాడు గవర్రాజు.

"గాలేవిటి? బస్సులో వెయ్యలేదూ?"

"పటం బస్సెందుకెక్కుతుంది మావయ్యా?" అంది వరహాలు. "వెదురుపుల్లలు అడ్డంగా నిలువుగా వేసి కట్టాం. మేడ మీదెక్కి వదిలితే ఎంత బాగా లేచిందనుకున్నావు! మబ్బుల దాకా వెళ్ళాక దారం తెంపేశాం."

కోదండం మోచేతుల మీద లేచాడు. "నెగిటివ్..." అన్నాడు ఎలాగో.

"పటంతోనే వెళ్ళింది. తోకకి కట్టాం," అన్నాడు అప్పలకొండ.

కోదండం కళ్ళు మూసుకున్నాడు. "అది ఎక్కడ పడుతుందో ఆయనకెలా తెలుస్తుందర్రా?" అన్నాడు నీరసంగా.

"ఆ మాత్రం ఆలోచించలేదనుకున్నావా?" అన్నాడు అప్పలకొండ. "పటం వస్తోంది, రేపు పొద్దుటి నుంచీ పైకి చూస్తూ ఉండండి అని వివరంగా ఉత్తరం రాసి, జారిపోకుండా దాని వెనకే అంటించాం."