తస్లీమ్ చూడని సైటు

నెల్లూరులో ప్రభాకరమూర్తి అనే ఆర్కిటెక్టు ఉండేవాడు. ఆడపిల్లలంటే ఆయనకు ఎంత ప్రేమంటే, తన దగ్గర పనిచేసే అమ్మాయిల్ని ఒక్కరోజు కూడా సైటులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు.

మూర్తి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆఫీసులో అమ్మాయిల గదికి ఏసీ పెట్టించాడు. మధ్యాహ్నం మజ్జిగ తెప్పించేవాడు. సాయంత్రం ఆలస్యమైతే తనే రోడ్డు మీదికి వచ్చి ఆటో మాట్లాడి పంపేవాడు. సైటు మాట ఎత్తితే మాత్రం, "ఆ దుమ్ములో, ఆ ఎండలో నీకెందుకమ్మా? చల్లగా కూర్చుని ప్లాను గీసుకో తల్లీ" అనేవాడు.

ఆ గదిలో తస్లీమ్ అనే అమ్మాయి మూడేళ్ళుగా ప్లాన్లు గీస్తూ ఉండేది. ఆమె తండ్రి మస్తాన్ వలీ తాపీ మేస్త్రి. చిన్నప్పుడు సెలవుల్లో తస్లీమ్ తండ్రికి అన్నం క్యారియరు తీసుకెళ్ళి, ఆయన తిని మళ్ళీ పనిలో దిగాక కూడా ఇంటికి కదలకుండా గోడ లేవడం చూస్తూ కూర్చునేది. అలా చూసి చూసి ఆర్కిటెక్చరే చదివింది. వాళ్ళ వీధిలో ఆ చదువు చదివిన మొదటి పిల్ల ఆమే.

"సార్, భూమిపూజ రోజైనా వస్తాను. ముగ్గు పోసి మార్కింగు చేస్తారు కదా, అదొక్కటి చూస్తాను" అని ఒకసారి అడిగింది.

"కట్టించుకునే పార్టీల్లో కొందరికి పట్టింపులుంటాయి తల్లీ. పూజ దగ్గర నీ పేరడిగి ఎవరైనా ఒక మాట అన్నారనుకో, నేను తట్టుకోలేను" అన్నాడు మూర్తి. నిజంగానే బాధపడుతూ అన్నాడు. మాట పడేది ఆమె అయినప్పుడు తట్టుకోగలదో లేదో ఆమెనే అడగాలని ఆయనకు తోచలేదు. ఆమె తర్వాత రెండేళ్ళకు చేరిన చైతన్య మాత్రం రోజూ బండేసుకుని సైట్లు తిరిగేవాడు.

తస్లీమ్ పెద్ద కంపెనీల్లో ఇంటర్వ్యూలకు వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న అడిగారు. "మీరు దగ్గరుండి కట్టించిన బిల్డింగు ఏది?" చెప్పుకోవడానికి ఆమెకు ఒక్క బిల్డింగూ లేదు. చివరికి ఒక ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని, ఎవరో ఎక్కడో కట్టే ఇళ్ళకు గీతలు గీసి పంపే పని. సోమవారానికల్లా చేరతానో లేదో చెప్పాలి.

"ఇక నా బతుకంతా ఇదేనేమో అబ్బా. చేరిపోతాను" అంది తండ్రితో. మస్తాన్ వలీ కూతురి తల నిమిరాడు.

సరిగ్గా ఆ వారంలోనే కోవూరు నుంచి డాక్టరు సుగుణమ్మ ఫోన్ చేసింది. ఆమె కట్టిస్తున్న ప్రసూతి ఆసుపత్రికి ప్లాను మూర్తి ఆఫీసుదే. బిల్డింగు పూర్తి కావస్తోంది. రోడ్డు మీద నుంచి స్ట్రెచరు లోపలికి తోసుకెళ్ళడానికి కట్టిన ర్యాంపు మీద ఆయా కోటమ్మ ఖాళీ స్ట్రెచరు తోసి చూసిందట. సగం ఎక్కేసరికి అది వెనక్కి జారి ఆమె కాలి మీదికొచ్చిందట.

"ఖాళీదే ఇట్లా అయితే, నొప్పులు పడే మనిషిని ఎట్లా ఎక్కించేది మూర్తిగారూ?" అందామె.

మూర్తి ముఖం పాలిపోయింది. చైతన్యను పిలిచి అడిగాడు.

"ర్యాంపు ఇరవై నాలుగు అడుగులని ప్లానులో ఉంది సార్. నేను ప్లాను ప్రకారమే కట్టించాను. గీసింది తస్లీమ్ గారు" అన్నాడు చైతన్య.

మూర్తి ప్లాను తీసుకుని తస్లీమ్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమె ర్యాంపు బొమ్మ పక్కన వేలు పెట్టి చూపించింది. చిన్న అక్షరాలతో అక్కడొక మాట రాసి ఉంది. 'రోడ్డు నుంచి ఎత్తు రెండడుగులని అనుకున్నాను. సైటులో సరిచూడాలి.'

"రాశావు సరే. మరి వెళ్ళి సరిచూడలేదేం?" అన్నాడు మూర్తి, కాస్త గట్టిగానే.

"మీరు వెళ్ళనివ్వలేదు కదా సార్."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఆయనకు మరీ సూటిగా తగిలింది. బీరువా తెరిచి ఆమె గీసిన పాత ప్లాన్లు ఒక్కొక్కటే తీసి చూశాడు. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట అదే మాట ఉంది. మూడేళ్ళు ఆ పిల్ల తన కళ్ళతో చూడాల్సిందంతా ఊహించుకుని గీసింది. మూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకున్నది కళ్ళజోడొక్కటే కాదు.

"లే తల్లీ, కోవూరు పోదాం" అన్నాడు.

ఆసుపత్రి ముందే సుగుణమ్మ ఎదురైంది. "గీసినమ్మాయి పొరపాటంట కదండీ, మీ చైతన్య చెప్పాడు" అంది.

అవునంటే అంతటితో సరిపోయేది. మూర్తి పేరుకు మచ్చ అంటేది కాదు.

"కాదండీ, పొరపాటు నాది. ఆ అమ్మాయి చూడమని రాసింది, మేము చూడలేదు. ఆమెను రానివ్వలేదు కూడా. ఇక్కణ్ణుంచి ఈ పని ఆమే చూస్తుంది. ర్యాంపు మళ్ళీ కట్టే ఖర్చు నాది" అన్నాడు మూర్తి.

మేస్త్రి పెంచలయ్య తస్లీమ్‌ను ఎగాదిగా చూశాడు. "ఎండ మాడ్చేస్తా ఉండాది, నువ్వు నీడలో కూర్చో మా. మట్టం మేము చూసి చెప్తాంలే" అన్నాడు.

"నేను చూస్తాను బాబాయ్, ట్యూబు ఇవ్వండి" అంది తస్లీమ్.

పెంచలయ్య ఎత్తుపల్లాలు చూడడానికి నీళ్ళు నింపి ఉంచిన పొడవాటి లెవెల్ ట్యూబు ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకేసి పట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "మధ్యలో గాలి బుడగ ఉంది. దీంతో చూస్తే ఎత్తు తప్పొస్తుంది. ముందు ఇది తీసేద్దాం" అంది.

పెంచలయ్య తలపాగా సర్దుకున్నాడు. "నువ్వు ఎవురి బిడ్డవి మా?"

"మస్తాన్ వలీ మేస్త్రి కూతుర్ని."

"అట్టా చెప్పు మరి!" అని నవ్వి, ట్యూబు రెండో కొస తనే పట్టుకున్నాడు.

రోడ్డుకీ ఆసుపత్రి నేలకీ మధ్య ఎత్తు మూడున్నర అడుగులుంది. రెండడుగుల ఎత్తుకు గీసిన ర్యాంపును అదే ఇరవై నాలుగు అడుగుల పొడవులో అంత ఎత్తుకూ లాగేశారు, అందుకే అది మరీ ఏటవాలుగా లేచింది. తస్లీమ్ నేల మీద ముగ్గు పోసి కొత్త దారి గీసింది. ఒక మలుపు తిరిగి నిదానంగా ఎక్కే దారి అది. గీస్తూ గీస్తూ ఆగి, "పెద్దమ్మా, తోసేటప్పుడు నీకు ఎక్కడ ఆయాసం వస్తుంది?" అని కోటమ్మను అడిగింది.

"నన్ను ఇంతవరకూ ఎవురూ అడగలా తల్లీ" అని కోటమ్మ నడిచి వెళ్ళి ఒకచోట నిలబడింది. తస్లీమ్ అక్కడే మలుపు పెట్టి, స్ట్రెచరు ఆపుకోవడానికి చదునైన చోటు వదిలింది.

సోమవారం పొద్దున్నే ఆమె ఆ ఉద్యోగానికి రానని రాసేసింది. పని మూడు వారాలు పట్టింది. రోజూ పొద్దున్నే కోవూరు వెళ్ళి, కూలీలు పని ముగించేదాకా ఉండేది. ముఖం నల్లబడింది. మూర్తికి మనసు ఆగక ఒక టోపీ కొనిచ్చాడు. ఆఫీసుకు వచ్చెయ్యమని మాత్రం అనలేదు, ఆ మాట చాలాసార్లు నోటిదాకా వచ్చినా.

ర్యాంపు పూర్తయిన రోజు మూర్తి చెప్పులు విప్పి స్వయంగా స్ట్రెచరెక్కి పడుకున్నాడు. "తొయ్యి కోటమ్మా! నన్ను ఎక్కించగలిగితే ఎవరినైనా ఎక్కించగలవు" అన్నాడు. మనిషి కాస్త భారీ మనిషే. కోటమ్మ ఇంట్లో విషయాలు చెప్పుకుంటూ తోసుకుపోయింది, మలుపు దగ్గర ఒక్కసారి ఆగి మళ్ళీ తోసింది. పైకెక్కేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. పడుకున్న మూర్తికి పైన ఆకాశం, పక్కన తస్లీమ్ ముఖం కనిపించాయి. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా.

"నేను నిన్ను బాగా చూసుకుంటున్నాననుకున్నాను తల్లీ" అన్నాడాయన లేచి కూర్చుంటూ. "నీకు దక్కాల్సింది నీ చేతికి అందనివ్వకుండా, మజ్జిగ ఇచ్చి మురిసిపోయాను. క్షమించు."

మర్నాడు ఆఫీసులో మిగిలిన ఇద్దరమ్మాయిల్ని కూడా పిలిచి, ఎవరికి ఏ సైటు కావాలో వాళ్ళనే అడిగాడు.

ఒకరి మీద నిజంగా ప్రేమ ఉంటే, కష్టం పేరు చెప్పి వాళ్ళను పనికి దూరం పెట్టకూడదు. వాళ్ళు కోరుకున్న పనిలో వాళ్ళకు చోటిచ్చి, పక్కన నిలబడాలి.