పాయ అప్పగింత

కూర్మనాథం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు సముద్రం వైపు చూస్తారు. పోటు మీద ఉంటే రేపు రమ్మంటారు. నీళ్లు వెనక్కి తగ్గి పాటు తీస్తుంటే చెప్పులు విప్పి బయల్దేరతారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ అంతే, రిటైరై మడ అడవి పక్కన ఇల్లు కట్టుకున్నాకా అంతే.

ఆ ఉదయం హైమవతి వచ్చింది. ఆయన దగ్గర చదువుకుని పాతికేళ్లుగా ఆ తీరం మీదే పని చేస్తున్న మనిషి. కొత్త ప్రభుత్వం రాబోతోంది. జిల్లాలో చెట్టూ పిట్టా నీరూ నిలవాలంటే ముందు ఏం చెయ్యాలో ఒక్క పేజీలో రాసి సోమవారానికల్లా ఇమ్మన్నారట అధికారులు. ఇలాంటి పేజీ రాయడం ఆమెకిది నాలుగోసారి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మిగిలిన కాస్త మడా ఈసారి కూడా ఎవరి కంటా పడకపోతే రొయ్యల చెరువుల పాలవుతుందని ఆమెకు తెలుసు. పన్నెండు అంశాలు రాసింది, కొట్టేసింది, మళ్లీ అవే రాసింది.

“మొదట ఏది పెట్టను మాస్టారూ?” అంది. తెలుసుకోవాలన్న ఆత్రం కన్నా అలసటే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

పాటు తీస్తోంది. మాస్టారు చెప్పులు విప్పారు.

మాస్టారి ఇంటి పక్క పల్లెలో పీతలు పట్టే ఉప్పునీటి పాయల్ని మూడేళ్లకోసారి చీటీలు వేసి పంచుకుంటారు. పాయ చెయ్యి జారినవాడు, అది దక్కినవాణ్ణి పడవలో కూర్చోబెట్టుకుని మొత్తం తిప్పి చూపాలి. ఆ రోజు పడవలో వల ఉండకూడదు. సాక్షులుగా ఊళ్లో ఎవరైనా ఎక్కవచ్చు. ఆ పూట పోలయ్య తన పాయని మేనల్లుడి వరసైన గంగాచలానికి అప్పగిస్తున్నాడు. మాస్టారూ హైమవతీ వెనక కూర్చున్నారు.

గంగాచలం మహా హుషారుగా ఉన్నాడు. “ఏం మావా, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు పెట్టావు మొహం,” అన్నాడు. పోలయ్య పొడుగాటి గెడతో పడవ తోస్తూ, పీతలు గూడు చేసే గుంట ఇదన్నాడు, పిల్ల పీతలుంటాయి గనక ఆ మూల వల వద్దన్నాడు, అడ్డుకట్ట కడితే అవతల మడ ఎండుతుందన్నాడు. మాట మాటకీ గంగాచలం నవ్వాడు. నువ్వు చేసింది చాలక నాకు నీతులా అన్నాడు. ఆ వద్దులన్నీ హైమవతికి తన పేజీలోవే అనిపించాయి. ఆ నవ్వూ ఆమెకు కొత్తది కాదు.

ఒక వంపులో పోలయ్య గెడ దిగేసి పడవ ఆపాడు. అక్కడ గట్టు నున్నగా జారిపోయి ఉంది. ఒక్క పీత బొరియ లేదు.

“ఇది నేను పాడు చేసింది,” అన్నాడు. “మా అయ్య వద్దన్న చోటే మడ నరికాను. గట్టు జారిపోయింది. ఇది చూపకుండా పాయ ఇచ్చానంటే ఇచ్చినట్టు కాదు.”

గంగాచలం నవ్వలేదు. చెయ్యి చాచి ఆ బురదని తాకాడు. మళ్లీ మొలుస్తదా మావా అని అడిగాడు. తనకి తెలియదన్నాడు పోలయ్య.

“అయితే పడవ వెనక్కి తిప్పు. ఇందాక చెప్పినవి మళ్లీ చూపించు,” అన్నాడు గంగాచలం.

తిరుగు దారిలో హైమవతి ఎవరి వైపూ చూడలేదు. ఆమె రాసిన మొదటి పేజీలో మొదటి అంశం, మొగ దగ్గరి బురద మేట మీద మడ మొక్కలు నాటాలని. ఇదివరకటి మూడు పేజీల్లోంచి ప్రభుత్వాలు చేసిందల్లా అదొక్కటే. మొక్కలు సగం చచ్చాయి, సగం బతికాయి. ఏటా శీతాకాలం ఆ మేట మీద దిగి, చెట్టూ చేమా లేని బురదలోనే మేసే ఉల్లంకి పిట్టలు మాత్రం మళ్లీ దిగలేదు. తర్వాతి రెండు పేజీల్లోనూ ఆ సంగతి ఆమె రాయలేదు. ఇప్పటి పన్నెండింటిలోనూ లేదు.

గట్టెక్కి కాళ్లు కడుక్కుంటుండగా మాస్టారితో అదంతా చెప్పింది. చెప్పి, “ఆ పొరపాటు మొదట పెడితే, ఆ కిందవి ఎవరైనా చదువుతారా మాస్టారూ?” అంది.

మాస్టారు వంగి చెప్పులు తొడుక్కున్నారు.

“గంగాచలం పడవ ఎప్పుడు వెనక్కి తిప్పమన్నాడో చూశావు కదమ్మా,” అన్నారు.