వాటం

ఫోటోలు ఐదు. వాటి కింద అతికించడానికి తెల్ల అట్టలు ఐదు. అట్టల మీద రాయడమే నా చేత కాని పని.

మా ఊరు మునిసిపాలిటీ అయి యాభై ఏండ్లు నిండినాయని హైస్కూల్లో పండగ పెట్టినారు. ఊర్లో మీకు ఇష్టమైనవి ఐదు ఫోటోలు తీసుకురండి, ఒక్కోదాని కింద ఒక మాట రాసివ్వండి, హాల్లో గోడకు తగిలిస్తాము, ఆదివారం అందరూ వచ్చి చూస్తారు అని హెడ్‌మిస్ట్రెస్ సరళమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆమె పోయినసారి సన్మానం కాగితంలో నా పేరు శంకరన్న అని వేయించింది. నా పేరు సుంకన్న. అది నేను మర్చిపోలేదు. అయినా ఫోటోలు తీసినాను. ఊరు ఆమెది ఒక్కతెదే కాదు కదా.

నేను బండపని మేస్త్రీని. మాది నాపరాయి ఊరు. తవ్వితే రాయి, పరిస్తే రాయి, చేనికి కంచె కట్టినా రాయే. నలభై ఏండ్లలో ఈ ఊర్లో నేను పరిచిన అరుగు మీద కూర్చోని మనిషి లేడు. చదువు మాత్రం మూడక్షరాల దగ్గర ఆగిపోయింది. నా పేరు రాస్తాను. బస్సు బోర్డు కూడబలుక్కుంటాను. అంతే.

అందుకే గురువారం పొద్దున ఫోటోలు, అట్టలు సంచిలో వేసుకుని దర్గాకు పోయినాను.

దర్గాలో దీపం చూసుకునే ముసలాయన మౌలాలి సామి. ఊర్లో సాయిబులూ పోతారు, మేమూ పోతాము. అందరికీ ఆయన సామే. నన్ను శిష్యుడని ఆయన ఎన్నడూ అనలేదు. ముప్పై ఏండ్ల కిందట ఆయన కూర్చునే బండ ఊగుతుంటే కింద చిన్న రాతిచెక్క పెట్టి కుదురు చేసినాను. "ఇంక రోజూ రా" అన్నాడు. గురువారమైతే వీలవుతుంది అన్నాను. మా ఉపదేశం అంతే. ఆ తర్వాత ఒక్క గురువారం తప్పలేదు.

సామి తెలుగు రాస్తే పళ్ళెంలో శనగలు పేర్చినట్టుంటుంది. అక్షరానికి అక్షరం తగలదు. పని అంటే అట్లుండాలి.

"రాసిస్తాను మేస్త్రీ. ఒకటే మాట. కంటికి కనపడేదే రాస్తాను" అన్నాడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

సరే అన్నాను.

మొదటిది సంతకట్ట మీద ఆరబోసిన మిరపకాయలు. కట్ట కట్టంతా ఎర్రగా ఉంది.

"సంతకట్ట, పరిచింది సుంకన్న అని రాయండి."

"మిరపకాయలు నువ్వే పరిచినావా?"

"బండలు సామీ."

"బండలు యాడ కనపడతాండాయి? మిరపకాయలే కనపడతాండాయి." ఎండుమిరప కాలం అని రాసి అట్ట పక్కన పెట్టినాడు.

రెండోది బస్టాండు ఎదురుగా రామక్క బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి. బాణలి పొగలో రామక్క మొహం సగమే పడింది. ఆ సగం మొహమూ నవ్వుతాంది.

"దీనికి ఏం రాయల్ల? ఉగ్గాని తిరగమాత పెట్టింది సుంకన్న అనా?"

"మీరు ఎగతాళి చేస్తాండారు."

"ఫోటో తీసేదానికి ఎన్ని బజ్జీలు తిన్నావు?"

"నాలుగు."

"అయితే నువ్వు తిన్నది కూడా కనపడదులే" అని, రామక్క బండి, వేడిగా ఉన్నప్పుడే పోవాలి అని రాసినాడు.

మూడోది పాత గని. వాన నీళ్ళు నిలిచి చిలక రెక్క రంగులో ఉంది. దానికీ సామి ఒక మాట రాసినాడు. నాలుగోది ఊరి బయట నిలబెట్టిన బండల కంచె. రెండు బండల సందులో నుంచి మేకపిల్ల ఒకటి తల పెట్టి చూస్తాంది. సామి ఆ ఫోటోను చాలాసేపు చూసినాడు. ఏమీ అడక్కుండానే రాసినాడు. ఏం రాసినాడో నేను అడగలేదు.

ఐదోది తీసి ఆయన చేతిలో పెట్టినాను.

"దీనికి మాత్రం నేను చెప్పినట్టే రాయల్ల సామీ."

అది మేము కూర్చున్న చోటుకు పది అడుగుల దూరంలో ఉన్న బండే. దర్గా గడప ముందర వజూ చేసుకునే బండ. సాయిబులు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేది దాని మీదనే. మేము కాళ్ళు కడుక్కునేదీ దాని మీదనే. పది అడుగుల ఒంటి బండ. ఎక్కడా అతుకు లేదు. తడిసినప్పుడు అందులో ఆకాశం కనపడుతుంది. అట్లా తడిపి ఫోటో తీసినాను.

"చెప్పు."

"దర్గా వజూ బండ. పరిచింది సుంకన్న మేస్త్రీ. వాటం తప్పని బండ."

వాటం అంటే నీళ్ళు పోయే వాలు. బండ పరిస్తే వాటం కంటికి కనపడకూడదు, నీళ్ళకు తెలియాలి. ఆ చివరి మాట నేను ఊరందరి కోసం చెప్పలేదు. ఒక్క మనిషి కోసం చెప్పినాను. ఆదివారం హాల్లోకి వచ్చి, ఎవరితోనైనా చదివించుకుని, ఆ మాట వినాలని.

ఆ మనిషి మా బావ తిరుపాలు. మా అక్క నరసమ్మ మొగుడు. ఇరవై ఏండ్లు మేమిద్దరం కలిసి పని చేసినాము. ఆయన చెక్కుతాడు, నేను పరుస్తాను. ఆయనది ఎడమచేతి వాటం. ఉలి కుడిచేత, సుత్తి ఎడమచేత. పందొమ్మిదేండ్ల కిందట ఈ బండ పరిచి నేను నడుము ఎత్తేసరికి, పది మంది పెద్దలు నిలబడి చూస్తుంటే, ఆయన అన్నాడు: "బామ్మర్దీ, నీళ్ళు గడప దిక్కు వస్తాయేమోరా. ముసలోళ్ళు జారతారు. ఒక చెంబు పోసి చూడు."

పది మంది ముందర నన్ను చెంబు పట్టుకోమన్నాడు.

"నీ చేతి వాటమే తిరగబడి ఉండాది. బండ వాటం నువ్వు చెప్తావా?" అన్నాను.

అందరూ నవ్వినారు. నేను సామాను సర్దుకుని వచ్చేసినాను. ఆ రోజు నుంచి వాళ్ళ గడప తొక్కలేదు. ఏటా ఉగాదికి అక్క పూర్ణం పెట్టి ఓళిగలు చేసి డబ్బాలో పెట్టి పంపుతుంది. తింటాను. డబ్బా కడిగి తిరిగి పంపుతాను. మా దిక్కు ఎవరూ డబ్బా ఖాళీగా పంపరు. నేను ఖాళీగానే పంపుతాను.

సామి అట్ట మీద పెన్ను ఆనించి ఆగినాడు.

"వాటం తప్పలేదని నేనెట్లా రాసేది? నేను మేస్త్రీని కాదే."

"పందొమ్మిదేండ్లలో ఈ బండ మీద ఒక్కరైనా జారి పడినారా? మీరే చెప్పండి."

"పడలే."

"గడప లోపలికి ఒక్క చుక్కన్నా వచ్చిందా?"

"రాలే."

"మరి రాయండి."

సామి ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "గడప కాడ తెగిపోయిందే ఇది."

"నేనే కోయించినా. అక్కడ కాళ్ళు తుడుచుకునే గోనెపట్ట పడింది. స్టూడియోవాడికి చెప్తే ఆ అంచు తీసేసినాడు."

"ఆ ముక్క యాడుంది?"

"యాడ పారేసినాడో. గోనెపట్ట సామీ, దాన్ని ఏం చేసుకుంటాము?"

సామి పెన్నుకు మూత పెట్టినాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచినాడు. గడప దగ్గరికి పోయి, వంగి, ఆ గోనెపట్టను తీసి, రెండుసార్లు దులిపి, దానిమ్మ చెట్టు కొమ్మ మీద ఆరేసినాడు. అక్కడున్న చెంబు నీళ్ళలో ముంచి నా చేతికిచ్చినాడు.

"పొయ్యి."

"నేనా?"

"బండ నీదే కదా."

చెంబు పట్టుకున్నాను. గడపకు ఎదురు కొసకు పోయి నిలబడి పోసినాను.

నీళ్ళు పలచగా పరుచుకున్నాయి. కాసేపు ఎటూ పోలేదు. నా మనసు కుదుటపడింది. తర్వాత మెల్లగా కదిలినాయి. గడప దిక్కు.

నేను చూస్తానే ఉన్నాను. బండ మీద మెరుస్తా, ఎవరో పిలిచినట్టు, నేరుగా గడప దిక్కు పోతాండాయి. అడ్డం పెడదామని కాలు ముందుకు చాపినాను కూడా. సామి నా కాలు దిక్కు చూసినాడు. వెనక్కి తీసుకున్నాను.

గడప ఇంక నాలుగు వేళ్ళ దూరం ఉందనగా నీళ్ళు కిందికి దిగినాయి. దిగి, పక్కకు తిరిగి, సన్నగా చప్పుడు చేసుకుంటా దానిమ్మ చెట్టు పాదులోకి పోయినాయి.

గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూసినాను. గడప ముందర, బండకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలెడు కాలవ. అంచులు గుండ్రం చేసి ఉన్నాయి, కాలి వేలు తగిలినా గీసుకోకుండా. లోపల దుమ్ము గోటితో గీకినాను. ఇంత నేర్పుగా చెక్కేవాళ్ళు ఈ ఊర్లో ఇద్దరే ఉన్నారు. ఇద్దర్లో ఒకణ్ణి నేను. నేను చెక్కలేదు.

ఉలి గాట్లు చూసినాను. నేను చెక్కితే గాట్లు ఇటు వాలుతాయి. ఇవన్నీ అటు వాలి ఉన్నాయి.

ఎండ మెడ మీద పడతాంది.

"ఎప్పుడు సామీ?"

"ఆ రోజే. నువ్వు పోయినాక. పొద్దు గుంకేదాకా చెక్కినాడు."

"నాకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"మరి ఈ గోనెపట్ట?"

"వాడే తెచ్చి పరిచినాడు. దీన్ని ఎందుకురా కప్పుతావు అన్నాను. మా బామ్మర్ది కంట్లో పడితే బండంతా పీకి మళ్ళా పరుస్తాడు సామీ, వాడి నడుము బాగలేదు అన్నాడు." సామి దానిమ్మ కొమ్మ మీది గోనెపట్టను సరి చేసినాడు. "చిరిగినప్పుడల్లా కొత్తది తెస్తాడు. సోమవారాలు వస్తాడు."

నేను వచ్చేది గురువారాలు. గురువారం గురువారం నేను కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది దాని మీదనే.

నిజమే. చూసి ఉంటే పీకేసి మళ్ళీ పరిచేవాణ్ణి. వాటం తప్పిందని ఒప్పుకోకుండానే పరిచేవాణ్ణి. నా సంగతి నాకంటే బాగా మా బావకు తెలుసు.

"ఇప్పుడు ఎట్లున్నాడు?" అన్నాను. అది కూడా వేరేవాళ్ళని అడగాల్సి వచ్చింది నాకు.

"సుత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతాది. కన్ను ఒకటి మసక. పోయిన సోమవారం ఈ కాలవను వేలితో తడుముకున్నాడు, బాగుందా అని నన్ను అడిగినాడు."

"మీరేం చెప్పినారు?"

"నేను మేస్త్రీని కాదురా, మేస్త్రీ వస్తే అడుగుతాను అన్నా."

నేను జేబులో నుంచి సెల్లు తీసినాను. ఫోటో తీయడం మా కోడలు నేర్పింది. బండ మీద మోకాళ్ళు ఆనించి, కాలవలో నీళ్ళు ఇంకా పారుతుండగానే తీసినాను. ఒకటి సరిగ్గా రాలేదు. మళ్ళీ తీసినాను. గాట్లు కనపడేటట్టు, అటు వాలిన గాట్లు ఒక్కొక్కటీ కనపడేటట్టు తీసినాను. కోయించిన పాత ఫోటోను మడిచి సంచి అడుగున పెట్టినాను.

"రేపు స్టూడియోలో ఈ ఫోటో కడిగిస్తాను. ఆ అట్ట ఇట్లియ్యండి సామీ, నేను రాస్తాను."

సామి అట్టా పెన్నూ నా చేతిలో పెట్టినాడు. మిగిలింది ఆ ఒక్క అట్టే. తప్పు పోతే ఇంకోటి లేదు. ఇంకోటి కావాలని సరళమ్మను నేను అడగను.

పైన జాగా వదిలి, కింద నా పేరు రాసినాను. సుంకన్న. అక్షరాలు సామి అక్షరాల్లాగా లేవు, గనిలో పడేసిన ముక్కల్లాగా ఉన్నాయి. అయినా నావే. తర్వాత పైన రాయబోయి ఆగిపోయినాను. కొమ్ములు నాకు వచ్చు, నా పేర్లోనే ఒకటి ఉంది. గుడి రాదు. బతుకులో ఎప్పుడూ దాని అవసరం పడలేదు.

"సామీ, తి ఎట్లా రాసేది?"

సామి చెంబులో మిగిలిన నీళ్ళలో వేలు ముంచినాడు. నా పక్కన బండ మీద, తడవని చోట వంగి, మా బావ పేరు రాసినాడు. నాలుగు అక్షరాలు. తిరుపాలు. నల్లరాయి మీద నీళ్ళ అక్షరాలు పెద్దగా, గుండ్రంగా మెరిసినాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. బండ కాలుతాంది. చూస్తుండగానే మొదటి అక్షరం గుడి పైనుంచి పలచబడటం మొదలుపెట్టింది.

"తొందరగా రాసుకో మేస్త్రీ" అన్నాడు సామి, "ఆరిపోకముందే."