జడలల్లే శుక్రవారం

అనగనగా ఒక నగరం, అందులో ఒక బస్తీ. విను తల్లీ, దుప్పటి తన్నకుండా విను.

ఆ బస్తీవాళ్ళ తాతముత్తాతలు సముద్రం అవతల ఆఫ్రికా నుంచి వచ్చారు. గుర్రాలెక్కి రాజుగారికి కాపలా కాశారు. రాజుగారే ముచ్చటపడి పిలిపించుకున్నారని కొందరంటారు. ఇష్టపడి వచ్చినవాళ్ళెందరో, సంతలో అమ్ముడై వచ్చినవాళ్ళెందరో ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు. తెలియనిది నేను చెప్పను. రాజులు పోయారు, గుర్రాలు పోయాయి, వీళ్ళు ఇక్కడే ఉండిపోయారు. అయినా వాళ్ళ నల్లని మేను, ఉంగరాల జుట్టు చూసి జనం ఇప్పటికీ "మీదే దేశం?" అని అడుగుతూనే ఉన్నారు. ఇది మాత్రం ఖాయం.

ఆ బస్తీలో మర్జానా అనే పిల్ల ఉండేది. నీకంటే కొంచెం పెద్దది. బడిలో వెనక బెంచీవాళ్ళు ఆమె జుట్టులో కాగితం ఉండలు దూర్చి, "పిచ్చుక గూడు!" అని ఏడిపించేవారు. మొదట మర్జానా తల మీద దుపట్టా కప్పుకుంది. ఆ తర్వాత మాటలు తగ్గించింది. ఆ తర్వాత ఒకనాడు పుస్తకాల సంచీ అటక మీదికి విసిరేసి, "నేనిక బడికి వెళ్ళను" అంది.

తల్లి రుఖయ్యా గుండెల్లో రాయి పడింది. చిన్నప్పుడే చదువు మానేసిన మనిషి ఆమె. కూతురు చదివి తీరాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క పంతం.

మొదట బతిమాలింది. "వాళ్ళ మాటలు చెవిన పెట్టకు బేటీ."

"చెవులు మూసుకుంటే పాఠం ఎలా వినాలి అమ్మీ?"

అప్పుడు రుఖయ్యా కొట్టుకెళ్ళి తెల్లబరిచే క్రీము తెచ్చి రాసింది. పిల్ల ముఖం మండి, పొక్కులు లేచాయి. ఆ డబ్బాను రుఖయ్యా తన చేత్తోనే మురుగుకాలవలో పారేసింది.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ వచ్చింది. మంచి మనిషే. బస్తీ ఆడవాళ్ళందరినీ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి, "మీ బాధ చెప్పండమ్మా" అంది. అందరూ "మాకేం బాధండీ, అల్లా దయ" అన్నారు. చాయ్ తాగి లేచారు.

అప్పుడు మస్ఊదా నానీ నవ్వింది. బస్తీలో అందరికంటే పెద్దది ఆవిడే. "ముఖంలో ముఖం పెట్టి అడిగితే ఎవరు చెప్తారు డాక్టరమ్మా? మేం నోరు విప్పకపోతే మా బాధ మా పిల్లలకు అంటుకోదనుకున్నాం. మూర్ఖులం. శుక్రవారం నమాజయ్యాక మా మిద్దె మీదికి రండి. కుర్చీలు మాత్రం తేకండి."

శుక్రవారం వచ్చింది. మిద్దె మీద పొడవాటి చాప పరిచారు. కొబ్బరినూనె, చెక్క దువ్వెనలు పెట్టారు. ఆడవాళ్ళు రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్నవాళ్ళ జుట్టు సన్నసన్న పాయలుగా అల్లడం మొదలుపెట్టారు.

ఏమిటీ? అందరికంటే ముందున్నవాళ్ళు ఎవరి జడ అల్లుతారనా? ఎవరిదీ అల్లరు. వాళ్ళు మాట్లాడతారు. వినేవాళ్ళందరూ వెనకే ఉంటారు కదా, ఎవరి ముఖమూ కనపడదు. ఓదార్చకూడదు, సలహా చెప్పకూడదు. మాట ముగిశాక అందరూ కలిసి వాళ్ళ పాత పాట అందుకోవాలి. ఆ పాట ఏ భాషదో వాళ్ళకూ తెలియదు. తెలుసనే పండితులున్నారు గానీ, ఒకరి అర్థానికీ ఇంకొకరి అర్థానికీ పొంతన లేదు.

నానీ వరుసలో అందరికంటే ముందు రుఖయ్యాను కూర్చోబెట్టింది. ఆమె వెనక మర్జానాను.

దువ్వెనలు కదులుతుండగా రుఖయ్యా మెల్లగా అంది. "మా నాన్న పెళ్ళిళ్ళలో డప్పు వాయించేవాడు. ఒక పెళ్ళిలో ఒకావిడ నన్ను పట్టుకుని, రంగు ఊడుతుందేమో చూద్దామని తడిగుడ్డతో నా బుగ్గ రుద్దింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్జానా పుట్టినప్పుడు మొదట దాని రంగే చూశాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

మర్జానా చేతులు ఆగిపోయాయి.

"ఆపకు. అల్లు" అంది నానీ.

మర్జానా అల్లింది. అందరూ పాట పాడారు. ఆ తర్వాత తల్లి లేచి వెనక్కి వచ్చింది, కూతురు ముందుకు జరిగింది.

"నన్నూ..." అని గొణిగింది మర్జానా.

"గట్టిగా చెప్పవే, వెనకపెట్టెకి వినపడట్లేదు!" అని చివరినుంచి ఎవరో అరిచారు. అందరూ పకపకా నవ్వారు. ఆ వెనకపెట్టె మరెవరో కాదు, నూనె చేతులతో కూర్చున్న డాక్టరమ్మే.

అప్పుడు మర్జానా గట్టిగా చెప్పింది. పిచ్చుక గూడు సంగతి చెప్పింది. "వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను అమ్మీ. దానికే నాకు ఎక్కువ కోపం" అని ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. తల్లి చేతులు అల్లుతూనే ఉన్నాయి. పాట మిద్దె దిగి వీధి చివరి వరకూ వినిపించింది.

నొప్పి పోయిందా అంటావా? పోలేదు. పోయిందంటే అబద్ధం చెప్పినట్టు.

సోమవారం మర్జానా దుపట్టా లేకుండా, కొత్త జడలతో బడికి వెళ్ళింది. వెనక బెంచీవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మర్జానా నవ్వలేదు. వెనక్కి తిరిగి, "నాకు నవ్వు రావడం లేదు. అదే మాట లేచి నిలబడి టీచరు ముందు అను" అంది. వాడు లేవలేదు. కొందరు మారారు, కొందరు మారలేదు. మర్జానా మాత్రం చివరి గంట కొట్టేదాకా కదలలేదు. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

కథేమో కంచికి బయల్దేరింది,
నిద్రేమో నీ కంటికి చేరింది.
కంచి చాలా దూరం, కథను పోనీ,
ఇల్లు మనదే తల్లీ, కళ్ళు మూతపడనీ.